రోజుకో బొమ్మ, కింద ఒక ప్రశ్న గుర్తు



ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిక ఉన్నప్పుడు చదవండి. వేసవి సెలవుల తర్వాత మన హాస్టల్ తమ్ముళ్లు ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు. "అన్నా, నువ్వు రోజూ బొమ్మ ఎలా వేస్తున్నావు? మేం మొదలుపెడితే వారం కూడా దాటట్లేదు." అప్పుడు నవ్వేసి "అలవాటు రా" అనేశాను. అది సరైన జవాబు కాదు. సరిగ్గా చెప్పాలంటే ఒక గోడ గురించి చెప్పాలి, నాకు వచ్చిన ఒక తప్పు బహుమతి గురించి చెప్పాలి, మధ్యలో మానేసిన నెలల గురించి కూడా దాచకుండా చెప్పాలి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నా, నేను ఆర్టిస్టుని కాదు. బోటనీతో డిగ్రీ చేసి ఇప్పుడు పీజీ చదువుతున్న సవర కుర్రాణ్ణి. మాది సీతంపేట దాటాక కొండ మీదకి నడిచి వెళ్లే ఊరు. నా దగ్గర ఇప్పుడు 412 బొమ్మలున్నాయి. మొదలుపెట్టి రెండేళ్లయింది. అంటే 730 రోజుల్లో 300 రోజులకు పైగా నేను వేయలేదన్నమాట. నా "రోజూ" అసలు లెక్క ఇది. తమ్ముళ్లూ, ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

ఇంక గోడ సంగతి.

మా నాయనమ్మ ఇంట్లో, లోపలి గదిలో, పొయ్యికి ఎదురుగా ఒక గోడ ఉండేది. ఎర్రమట్టితో అలికిన గోడ. దాని మీద వరిపిండితో వేసిన బొమ్మ. చుట్టూ చట్రం, దాని లోపల మనుషులు, గుర్రం, ఏనుగు, సూర్యుడు, చంద్రుడు, చెట్టు, చెట్టెక్కుతున్న ఒకడు. పొయ్యి పొగకి తెలుపు పసుపు పచ్చగా మారిపోయింది. చిన్నప్పుడు దాని కిందే పడుకునేవాణ్ణి. కానీ ఒక్కరోజు కూడా దాన్ని సరిగ్గా చూడలేదు. ఇంట్లో గోడని ఎవరు చూస్తారు?

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా మాకు స్లాబు ఇల్లు శాంక్షన్ అయింది. అందరం సంతోషించాం, ఇప్పటికీ సంతోషమే. వానాకాలం కారని ఇల్లు ఎంత గొప్పదో కారే ఇంట్లో పెరిగినవాళ్లకే తెలుసు. పాత గోడలు పడగొడుతున్నప్పుడు నేను సెలవులకి వచ్చి ఉన్నాను. చేతిలో ఫోను ఉంది. చిన్నాన్న గునపంతో కొడుతుంటే వీడియో తీశాను, పాట పెట్టి స్టేటస్ పెట్టడానికి. ఆ వీడియోలో బొమ్మ రెండు సెకన్లు కనిపిస్తుంది. తర్వాత అంతా దుమ్మే. పడగొట్టే ముందు ఒక్క ఫోటో తీయాలని నాకు తోచలేదు. ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఆ రెండు సెకన్లని ఎన్నిసార్లు ఆపి ఆపి చూశానో లెక్క లేదు.

ఇంక బహుమతి సంగతి.

డిగ్రీ మొదటి ఏడు శ్రీకాకుళంలో చదువుతున్నప్పుడు కాలేజీలో బొమ్మల పోటీ పెట్టారు. విషయం "మన సంస్కృతి". లెక్చరర్ గారు నన్ను చూసి "నువ్వు ట్రైబల్ కదా, మీ ఆర్ట్ వెయ్యి" అన్నారు. సరే అని కూర్చున్నాను. తీరా చూస్తే మా బొమ్మ నా చేతికి రావట్లేదు. గుర్రం కాళ్లు ఎలా ఉండేవి? చట్రం లోపల గీతలు ఏ వైపుకి వాలేవి? ఏమీ గుర్తు లేదు. యూట్యూబ్‌లో "ట్రైబల్ ఆర్ట్" అని కొట్టి, వచ్చింది చూసి వేసేశాను. రెండు త్రికోణాలు కలిపిన మనుషులు, చుట్ట చుట్టినట్టు తిరుగుతూ డాన్సు. రెండో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్, స్టీలు టిఫిను బాక్సు ఇచ్చారు.

ఆ సెలవులకి ఇంటికెళ్లి ఫోటో నాయనమ్మకి చూపించాను. ఆమె సవరలోనే మాట్లాడుతుంది. నేను మా వైపు తెలుగులోకి మార్చి రాస్తున్నాను. ఫోను దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చి చూసి అంది: "బాగుంది. ఈలు ఎవులు?"

"మనోళ్లే నాయనమ్మా."

"మనోలు కాదురా. ఈలెవులో నాకు తెల్దు."

ఆమె తిట్టలేదు. నిజంగానే తెలియక అడిగింది. అయినా నాకు చెంప మీద కొట్టినట్టయింది. తర్వాత తెలుసుకున్నాను, అవి వార్లీ బొమ్మలు. మహారాష్ట్రలో దహాను, తలాసరి వైపు ఉండే వార్లీ ఆదివాసులవి. మట్టి గోడ, తెల్ల పిండి చూసి రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. ఒకటి కాదు. మాలో ముందు చట్రం వస్తుంది, తర్వాత లోపలికి నింపుకుంటూ వెళ్తారు. మనుషుల ఒళ్లు పొడుగ్గా ఉంటుంది, వాళ్లలాగా పదునైన త్రికోణాలు ఉండవు. ఒడిశాలో గజపతి, రాయగడ వైపు ఉన్న మా సవరలు ఈ గోడ బొమ్మని ఇడితాల్ అంటారు. ఇవాళ మన ఆఫీసుల ప్రహరీ గోడల మీద, బస్టాండ్లలో "గిరిజన కళ" అని చాలాచోట్ల వేసేది వార్లీ త్రికోణాలనే. వాళ్ల కళ గొప్పదే. కానీ వాళ్ల బొమ్మ వేసి మాది అని చెప్పి టిఫిను బాక్సు తెచ్చుకున్నవాణ్ణి నేను. అది నా తప్పు.

పౌరుషం వచ్చింది. "ఆ పాత గోడ మీది బొమ్మ ఎలా ఉండేదో చెప్పు నాయనమ్మా, అచ్చం అలాగే వేస్తాను" అన్నాను. ఒప్పుకుంటుందనుకున్నాను. ఒప్పుకోలేదు.

ఆ బొమ్మ మా ముత్తాత కోసం వేసిందంట. ఆయన పోయాక ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు జబ్బు పడితే, ఎజ్జోడు వచ్చి, ఆయనకి ఒక ఇల్లు కావాలంటున్నాడని చెప్పాడంట. ఆ చట్రమే ఆయన ఇల్లు. లోపల ఉన్న గుర్రం, ఏనుగు, మనుషులు, అన్నీ ఆయనకి ఇచ్చినవి. బొమ్మ వేశాక పిలిచి, పెట్టాల్సింది పెట్టి, ఆయన్ని అందులో కూర్చోబెట్టారు. "ఊరికినే గీసేత్తే అందులో ఎవులొచ్చి కూకుంతారు? పిలవకుండా ఇల్లు కట్టకూడదు" అంది. కాసేపాగి, నా మొహం చూసి జాలిపడిందేమో, "అదొక్కటి ఒగ్గీ. మిగతాదంతా గీసుకో. ఇంట్లో ఉన్నయ్యి తక్కువేటి?" అంది.

నా ప్రాజెక్టు అక్కడ పుట్టింది. నాకు వచ్చిన ఐడియా కాదు అది, నాయనమ్మ వద్దన్నాక మిగిలింది. ఒక్క బొమ్మ మానేసి మిగతా ప్రపంచమంతా వేసుకోమంది. నేను మూడు నియమాలు పెట్టుకున్నాను.

ఒకటి, రోజుకి ఒక వస్తువు. మా ఇంట్లోదో, ఊళ్లోదో, కొండ మీదదో. చేతిలో పట్టేదైతే మరీ మంచిది. కావడి, ఆనపబుర్ర, తిరగలి, మంచె, గొడ్డలి, అడ్డాకు విస్తరి, జీలుగు చెట్టుకి కట్టే నిచ్చెన, కొండచీపురు కట్ట.

రెండు, పది నిమిషాలు మించకూడదు. అరచేయంత కాగితం చాలు. హాస్టల్‌లో నోటు పుస్తకాలకి అట్ట వేసే బ్రౌన్ షీటు తెలుసు కదా, దాన్నే ముక్కలు చేసి, తెల్ల జెల్ పెన్నుతో వేశాను. బ్రౌన్ షీటు మీద తెలుపు పడితే మట్టి గోడ మీద వరిపిండి గుర్తొస్తుంది. పెన్ను, షీటు కలిపి నెలకి యాభై రూపాయలు కూడా కాలేదు. రంగులు, కాన్వాసు కొన్నాక మొదలుపెడదాం అనుకునే తమ్ముళ్లకి చెప్తున్నా, అవి కొనేలోపు మీ ఆసక్తి పోతుంది.

మూడు, బొమ్మ కింద తారీఖు వేసి, ఆ వస్తువుకి సవర పేరు రాయాలి. తెలియకపోతే ప్రశ్న గుర్తు పెట్టాలి. తెలుగు పేరు రాసి తప్పించుకోకూడదు.

అసలు కష్టం మూడో నియమంతోనే వచ్చింది. కుక్క వేశాను, కిన్సోడ్ అని రాశాను. నీళ్ల కుండ వేసి డా అని రాసేసి, ఆగిపోయాను. డా అంటే నీళ్లు. మరి కుండని ఏమంటాం? నాకు తెలుసనే అనుకున్నాను. మొదటి నెల 30 బొమ్మల్లో 19కి ప్రశ్న గుర్తు పడింది. సవరలో మాట్లాడుతాను, సవరలో తిట్టుకుంటాను, కలలు కూడా సవరలోనే వస్తాయి. అయినా 30 వస్తువుల్లో 19కి పేరు రాదు. ఐదో తరగతి నుంచి హాస్టల్‌లో పెరిగాను కదా. హాస్టల్‌లో తిరగలి ఉండదు, మంచె ఉండదు, కావడి ఉండదు. వస్తువుకి దూరమైతే మాట కూడా వదిలి పోతుందని బొమ్మ వేస్తేనే తెలిసింది. మా భాషలో గీయడానికీ రాయడానికీ ఒకటే మాట. నాకు ఆ రెండూ ఒకేసారి పోతున్నాయన్నమాట.

ప్రతి ఆదివారం పిన్నికి ఫోను చేసేవాణ్ణి. మా ఊళ్లో ఇళ్ల దగ్గర సిగ్నల్ ఉండదు. చింతచెట్టు దగ్గరకొస్తే రెండు గీతలు వస్తాయి. పిన్ని నాయనమ్మని అక్కడికి తీసుకొచ్చేది. ఆ వారం వేసిన ఏడు బొమ్మలు వాట్సాప్‌లో పంపితే, అవి తిరిగీ తిరిగీ తెరుచుకునేసరికి పది నిమిషాలు పట్టేది. తర్వాత నాయనమ్మ తీర్పు.

కావడి బొమ్మ చూసి పకపకా నవ్వింది. "బద్ద తిన్నగా ఉందేటి? బరువు లేదేటి దాంట్లో?" నేను స్కేలు పెట్టి గీసినట్టు గీశాను. బరువు ఉంటే రెండు కొసలూ కిందకి వంగుతాయి, నడుస్తుంటే ఊగుతాయి. చిన్నప్పటి నుంచి నాన్న భుజం మీద చూసిన కావడే. అయినా నా చేతికి తెలియదు. ఆనపబుర్రకి తాడు కట్టలేదని ఒకసారి తిట్టింది: "తాడు లేకుండా కొండకెలగ అట్టుకెల్తావు?" జీలుగు చెట్టు వేస్తే, గెల నరికే చోటు తప్పుగా పెట్టావని, అక్కడ కోస్తే కల్లు దిగదని, చిన్నాన్నని పిలిచి ఫోనులోనే నాకు పాఠం చెప్పించింది. అంబలి బుర్రలో ఏముందని అడిగితే నేను "ఏదో ఒకటి" అన్నాను. "ఏదో ఒకటి ఎలగ తాగుతారు? చోడంబలి అని రాయి" అంది.

తమ్ముళ్లూ, మీరు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే. నన్ను రోజూ కూర్చోబెట్టింది నా పట్టుదల కాదు. ఆదివారం చింతచెట్టు కింద ఒక ముసలామె నా కోసం ఎదురుచూస్తుంటుందన్న భయం. ఏడు బొమ్మలు కావాలి. ఐదే పంపితే "మిగతా రెండ్రోజులు తిన్నావా లేదా?" అని అడిగేది. మనం ఒంటరిగా, మన గదిలో, మన కోసమే చేసుకునే పని తొందరగా ఆగిపోతుంది. అడగడానికి ఒక మనిషి, చూపించడానికి ఒక మనిషి ఉంటే ఆగదు. మీరు ఏ ప్రాజెక్టు పెట్టుకున్నా, ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే తప్ప ముందుకి కదలని ప్రాజెక్టు పెట్టుకోండి.

అలా అని ఆగలేదనుకోకండి. ఆగింది. మొదటిసారి 41వ బొమ్మ దగ్గర సెమిస్టర్ పరీక్షలు వచ్చాయి. వారం మానేశాను. పరీక్షలయ్యాక జీడితోటకి నాన్నతో వెళ్లాలి, ఆయనకి మలేరియా వచ్చి లేవలేకపోయాడు. నెల గడిచింది. మళ్లీ పెన్ను పట్టుకుంటే మనసంతా లెక్కలే. 38 బొమ్మలు బాకీ ఉన్నాను, రోజుకి మూడు వేస్తే రెండు వారాల్లో తీరిపోతుంది అని మొదలుపెట్టాను. నాలుగు రోజులు వేసి, బొమ్మ అంటేనే చిరాకొచ్చి కట్టంతా ట్రంకు పెట్టె అడుగున పడేశాను. మూడు నెలలు ముట్టుకోలేదు. ఆదివారం ఫోను కూడా సిగ్గుతో మానేశాను.

పండక్కి ఇంటికెళ్తే నాయనమ్మ అడిగింది. బాకీ సంగతి చెప్పాను. ఆమెకి ముందు అర్థమే కాలేదు. "ఎవులికి బాకీ?" అంది. తర్వాత పోడు ఉన్న కొండ వైపు చెయ్యి చూపించింది. "రెండు మూడేళ్లు పండిస్తాం. తర్వాత ఒగ్గేత్తాం. మల్లీ ఆ కొండకెల్లినపుడు ఒగ్గేసిన ఏళ్ల పంట కూడా ఇచ్చీమని అడుగుతామేటి? ఎల్లిన ఏడు ఏటి జల్లామో అదే." ఇది ఏదో గొప్ప సూక్తిలాగా చెప్పలేదు, కందులు చెరుగుతూ చెప్పింది. ఆ రోజు నుంచి నాలుగో నియమం: తప్పిన రోజుకి బాకీ లేదు. ఆగిన చోట ఖాళీ వదిలేసి, ఇవాళ్టి తారీఖు వేసి, ఇవాళ్టి బొమ్మ వేయాలి. నా కట్టలో ఇప్పుడు మూడు పెద్ద ఖాళీలు ఉన్నాయి. వాటిని దాచలేదు. నాన్న జ్వరం ఏ నెలలో వచ్చిందో ఆ ఖాళీ చూస్తే తెలుస్తుంది.

ఇంత చిన్న పని వల్ల ఏమొస్తుంది అనే అన్నలు ఉన్నారు. వాళ్ల కోసం నేను చదివిన సంగతులు రెండు మూడు చెప్తాను.

వార్లీ బొమ్మలు ఎక్కువగా ఆడవాళ్లు పెళ్లిళ్లప్పుడు వేసేవి. జీవ్య సోమ మషే అనే ఆయన పెళ్లి లేకపోయినా, పండగ లేకపోయినా వేయడం మొదలుపెట్టాడు. గోడ నుంచి కాగితం మీదకి, గుడ్డ మీదకి తెచ్చాడు. 2011లో పద్మశ్రీ వచ్చింది, 2018లో పోయాడు. నేను కాపీ కొట్టిన ఆ త్రికోణాలు నా ఫోను దాకా రావడం వెనుక ఆయన చేతి కష్టం ఉంది. మధ్యప్రదేశ్ గోండు కళాకారుడు భజ్జు శ్యామ్ భోపాల్‌లో రాత్రి వాచ్‌మన్‌గా పనిచేశాడు. బంధువైన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ బొమ్మల్లో గీతలు నింపే పనితో నేర్చుకున్నాడు. తర్వాత లండన్ వెళ్లి, అక్కడ చూసినవాటిని గోండు కళ్లతో బొమ్మలు వేశాడు. అవి 2004లో పుస్తకంగా వచ్చాయి. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మొదలుపెట్టింది పెద్ద బొమ్మతో కాదు, వేరేవాళ్ల బొమ్మలో చుక్కలతో, గీతలతో.

ఇంకొకరు మన పక్కవాళ్లే. గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని కాలేజీల్లో దండ వేస్తారు కదా, ఆయన సవర భాషకి చేసిన పని మాత్రం ఎక్కువమంది చెప్పరు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ మా వాళ్ల దగ్గర కూర్చుని సవర నేర్చుకున్నారు. ఒక్కో మాటా అడిగి రాసుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వచ్చాయి. ముప్పై ఏళ్లకి పైగా పట్టిన పని. ఆయన సవర కాదు. అయినా అడిగారు. సవర ఇంట్లో పుట్టిన నేను కుండ పేరు దగ్గర ఆగిపోయాను. మరి నేను పది నిమిషాలు అడగలేనా?

ఇప్పుడు చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్న సంగతి.

డిగ్రీ చివరి ఏడులో నా బొమ్మలు ఒకరి ద్వారా ఒకరికి వెళ్లి, ఒక రిసార్టు కట్టుకుంటున్న ఆయన ఫోను చేశాడు. గదికి ఒకటి చొప్పున 30 బొమ్మలు కావాలి, 15,000 ఇస్తానన్నాడు. కానీ ఆయనకి నా కావళ్లు, తిరగళ్లు వద్దు. "నెట్‌లో చూశాను, ఆ చట్రం లోపల గుర్రాలు, ఏనుగులు ఉండేది, అది కావాలి" అన్నాడు. అప్పుడే నాకు పీజీ అడ్మిషన్ డబ్బు కట్టాలి. స్కాలర్‌షిప్ పడలేదు. 15,000 అంటే మా ఇంట్లో ఒక జీడి సీజను కష్టం.

ఆ రాత్రి ఒకటి వేశాను. ఇప్పుడు నా చెయ్యి తిరిగింది కదా, బాగానే వచ్చింది. గుర్రం కాళ్లు కూడా కుదిరాయి. కింద తారీఖు వేయబోయాను. పేరు రాయాలి. ఇది ఎవరి ఇల్లు? ఎవరిని పిలిచాను? చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. తారీఖు వేయలేదు.

ఆదివారం దాకా ఆగకుండా పొద్దున్నే ఫోను చేశాను. నాయనమ్మ అంతా విని కాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. తర్వాత అడిగింది: "నీకు డబ్బు గావాలా?"

"కావాలి నాయనమ్మా."

"అయితే పండగ గీయి. పోడు గీయి. సంత గీయి. మీ ముత్తాతని ఒగ్గీరా."

ఆయనకి అదే చెప్పాను. కందికొత్తల పండగ, సంతకి అనాసపళ్లు మోసుకెళ్లే ఆడవాళ్లు, మంచె మీద పిట్టల్ని తోలే పిల్లలు, ఇవి వేస్తానన్నాను. ఆయనకి నచ్చలేదు. చివరికి ఎనిమిది తీసుకున్నాడు, 4,000 ఇచ్చాడు. మిగతా డబ్బు చిన్నాన్న అప్పు తెచ్చి ఇచ్చాడు. ఆ అప్పు ఇంకా కొంత ఉంది.

మా వైపే ఒక అన్న చట్రం బొమ్మలు వేసి స్టాళ్లలో అమ్ముతాడు. ఇద్దరు పిల్లలు, ఇంట్లో జబ్బు మనిషి. ఆయన్ని నేను ఒక్క మాట అనను. ఆయన లేకపోతే ఆ బొమ్మ అనేది ఒకటుందని కూడా బయటివాళ్లకి తెలియదు. "కాగితం మీదది ఇల్లు కాదు, ఇంటి ఫోటో" అంటాడు ఆయన. అది కూడా ఒక మాటే. నేను తప్పొప్పులు చెప్పడం లేదు. నా చెయ్యి ఎక్కడ ఆగిందో చెప్తున్నాను. రోజూ తారీఖు వేసి పేరు రాసే అలవాటు లేకపోయి ఉంటే ఆ రాత్రి నా చెయ్యి ఆగేది కాదు. 30 వేసి ఇచ్చేసి ఉండేవాణ్ణి. ఈ ప్రాక్టీసు వల్ల నాకు దక్కింది ఏంటి అంటే, మంచి గీత కంటే ముందు ఇదే.

ఆ తారీఖు లేని బొమ్మ ఏం చేశావు అని అడుగుతారేమో. ఇంటికి తీసుకెళ్లి నాయనమ్మకి ఇచ్చాను. చించలేదు, గోడకి అతికించలేదు. చూరులో చెక్కుకుందామంటే ఇప్పుడు స్లాబు కదా, చూరు లేదు. బియ్యం డబ్బా వెనక పెట్టింది.

ఇప్పుడు నాయనమ్మకి రెండు కళ్లకీ శుక్లాలు. బొమ్మలు ఫోనులో కనిపించట్లేదు. ఆపరేషన్‌కి వచ్చే నెల తీసుకెళ్తాం. ఈలోగా ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే మా చెల్లి, చిన్నాన్న కూతురు, సెలవులకి వచ్చినప్పుడు నా బొమ్మని మాటల్లో చెప్తుంది, నాయనమ్మ తప్పులు చెప్తుంది. అలా చెప్పీ చెప్పీ ఆ గుంట కూడా ఒక కట్ట మొదలుపెట్టింది. ఆమె బొమ్మలు చూసి నేను బిత్తరపోయాను. ఏఎన్ఎమ్ గారి సంచి, రేషన్ వేలిముద్ర మిషను, హాస్టల్ పళ్లెం, ఊరి కొచ్చే జీపు మీద వేలాడే మనుషులు. "ఇవి మనవి కాదు కదే" అన్నాను. "రోజూ వాడతాం, మనవి కాకపోతే ఎవులివి?" అంది. వాటి కింద సవర పేర్లు తనే పెడుతోంది. వేలిముద్ర మిషనుకి పెట్టిన పేరు విని నాయనమ్మ కడుపుబ్బ నవ్విందంట. నేను రెండేళ్లుగా పోయేవాటినే వేస్తున్నాను. చెల్లి వచ్చేవాటిని వేస్తోంది. రెండూ కావాలి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కోయ, గోండు, జాతాపు, కొండదొర, గదబ, లంబాడీ, ఎవరైనా సరే, ఇవాళ రాత్రే మొదలుపెట్టండి. బ్రౌన్ షీటు లేకపోతే పాత నోటు పుస్తకం వెనక పేజీ. బొమ్మ రాకపోతే పాట రికార్డు చేయండి, సామెత రాయండి, కుట్టు కుట్టండి. చిన్నది పెట్టుకోండి, జ్వరం వచ్చిన రోజు కూడా చేయగలిగేంత చిన్నది. తప్పితే బాకీ పెట్టుకోకండి. వారానికోసారి ఇంట్లో ఒక పెద్ద మనిషికి చూపించండి. ఆ మనిషి ఇవాళ ఉన్నారు కాబట్టి ఇవాళే మొదలుపెట్టమంటున్నాను. ఇల్లు పడగొట్టే రోజు వీడియో తీస్తే ఏం దొరుకుతుందో నాకు తెలుసు.

చివరగా ఒక సాయం. నిన్న వేసింది 412వ బొమ్మ. ఆనపబుర్ర మూతికి అడ్డాకు చుట్టి బిగించి పెడతాం కదా, నీళ్లు ఒలక్కుండా, ఆ ఆకు బిరడా. నాయనమ్మని అడిగితే చాలాసేపు ఆలోచించి, "దానికి పేరుండేది. మాయమ్మ అనేది. ఇప్పుడు నోటికి రావట్లేదు" అంది. కింద ప్రశ్న గుర్తు అలాగే ఉంది. భామిని, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, మెళియాపుట్టి, మందస వైపు సవర అన్నలూ అక్కలూ, మీ ఇంట్లో ముసలివాళ్లని ఒకసారి అడిగి చెప్పండి. ఆదివారం లోపు చెప్తే చింతచెట్టు దగ్గరకి ఫోను చేసి ఆమెకి చెప్తాను.

జోహార్.